ఆయిల్ తీసినవాళ్ళ దగ్గరే తాళం

కాలిన ఇంజన్ ఆయిల్ వాసన ఒకసారి గోళ్ళలోకి చేరిందంటే రెండు రోజుల దాకా వదలదు. సబ్బు పెట్టి తోమినా, శనగపిండితో రుద్దినా, నిమ్మచెక్క అరగదీసినా, అన్నం ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ అదే వాసన. ఈ ఆదివారం పొద్దున కూడా పోర్టికోలో కారు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్‌లోకి దిగిన సన్నటి గొట్టం గుండా నల్లటి వేడి నూనె పంపు డబ్బాలోకి కారుతోంది. మా ఆయన బయటికి వచ్చి, "డిక్కీలో నా గొడుగు ఉండిపోయింది, తాళం ఒకసారి ఇటివ్వు" అన్నారు. ఇవ్వనన్నాను. రెండు నిమిషాల్లో తిరిగి ఇచ్చేస్తానన్నారు. రెండు నిమిషాలకైనా ఇవ్వనన్నాను. తాళం నా చీరకొంగున గట్టిగా ముడివేసి ఉంది. లేచినప్పుడల్లా మోకాలికి తగులుతోంది. "ఆ ముసలాయన పోయి ఇన్నేళ్ళైనా నిన్ను వదల్లేదు" అని విసుక్కుంటూ ఆయన తుంపరలోనే బజారుకు బయలుదేరారు.

ఆ మాట అబద్ధం కాదు. ఆ ముసలాయన బతికున్నన్నాళ్ళూ నన్ను ఎంత విసిగించారో, పోయాక అంతకు రెండింతలు విసిగిస్తున్నారు. ఆయనను ఇక్కడ నూకయ్య అంటాను, ఆయన భార్యను దానమ్మ అంటాను. అవి వాళ్ళ అసలు పేర్లు కావు. వాళ్ళు పుట్టి పెరిగిన సముద్రపు ఒడ్డు ఊరి పేరు కూడా రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతపు మాట. నేను ఎచ్చెర్ల దారిలో ఉన్న ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం అప్పట్లో రాయగడ వైపు. ఆదివారాలకు మాత్రమే ఇంటికి వచ్చేవారు. శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, ఇంటి ముందు నేను మోజుపడి కొనుక్కున్న ఎర్రటి పాత చిన్న కారు. ఎదురింటి వాటాలో నూకయ్య గారు, దానమ్మ పిన్ని. ఆవిడ మార్కెట్‌లో ఎండుచేపలు అమ్మేది. ఆయన ముప్పై ఏళ్ళు చేపల పడవల ఇంజన్లు బాగుచేసి, ఇప్పుడు అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ప్రతి బండి చప్పుడునూ వినేవారు. వినడమే తప్ప ఎవరినీ ఏమీ అనేవారు కాదట. ఆ వ్రతం నా కారు దగ్గరే చెడింది.

ఒకరోజు పొద్దున్న కారు వెనక్కి తీస్తుంటే, బనియన్ మీద తువ్వాలు వేసుకున్న ఒక పొట్టి మనిషి చెయ్యి ఎత్తి బస్సును ఆపినట్టు నన్ను ఆపారు.

"ఆపీండి మేడమ్ గారూ. ఇంజన్ దగ్గుతన్నాది."

"నాకు క్లాసుంది బాబాయి గారూ."

"మీ కలాసు ఎక్కడికీ పోదు. ఇది మాత్రం పోతాది."

బానెట్ మీట నా చేతే లాగించి, నేను దిగేలోపే బానెట్ ఎత్తారు. ఎంత ఆయిల్ ఉందో చూసే గేజీ ఊచను సర్రున బయటికి లాగి, నా చేతిలోని ఆనాటి పేపరు తీసుకుని, మొదటి పేజీ మీదే తుడిచారు. తారులాంటి నల్లటి గీత పడింది. "ఇది నూనె కాదమ్మా. దీంతో రోడ్డేసుకోవచ్చు" అన్నారు. అలా అని ఆ పేపరు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఆరోజు క్లాసుకు పదిహేను నిమిషాలు ఆలస్యం. చేతికి నలుపు, మనసులో మంట. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం దానమ్మ పిన్ని ఎండు రొయ్యపప్పు పొట్లం కట్టి తెచ్చి మా గుమ్మంలో కూర్చుంది. పొట్లం నా చేతిలో పెట్టి, అసలు సంగతి మెల్లగా విప్పింది.

"మా అన్న పడవమ్మా. ఈయన పాత ఆయిల్ తీసీసి, కొత్తది పొయ్యడం మరిసిపోయి, పోసీసినానని సెప్పీసినాడంట. మా అన్న నమ్మి సముద్రంలోకి ఎల్లిపోనాడు. సగం దూరంలో ఇంజన్ బిగుసుకుపోయి పట్టీసినాది. ఏరే పడవలోలు తాడు కట్టి లాక్కొచ్చినారు. మడుసులు బతికినారు, ఇంజన్ సచ్చిపోనాది. నూకయ్య సెయ్యి పడితే ఇంజన్ పట్టేస్తాదని ఊరూరంతా అనీసినారు. పదకొండేళ్ళయినాది, ఒక్కడు ఇంజన్ ముట్టనివ్వనేదు. ఆ మాట పడలేకే ఈ టౌనొచ్చీసినాం."

"అయ్యో" అన్నాను.

"ఇన్నాళ్ళకి మీ బండి కాడ నోరు విప్పినాడు. ఒక్కసారి ఇచ్చి సూడమ్మా. మీరు కూడా ఇచ్చి లాగీసుకుంటే ఇంక ఆ మనిసి స్పానర్ పట్టడు."

ఆయిల్ పొయ్యడం మర్చిపోయి ఇంజన్ చంపేసిన మనిషికి ఇంజన్ ఇమ్మని అడగడానికి రొయ్యపప్పుతో వచ్చిన ఆ ఇల్లాలిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క వస్తువు ఆ కారు. అయినా ఆవిడ మొహం చూశాక కాదనలేకపోయాను. ఆదివారం రమ్మన్నాను.

ఆదివారం వచ్చారు. సర్వీసు సెంటర్లో అరగంటలో అయ్యే పనికి ఆయనకు నాలుగు గంటలు పట్టింది. కారు కిందికి దూరి అడుగు బిరడా విప్పితే ఆయిల్ దానంతటదే కారిపోతుందని నాకు కూడా తెలుసు. ఆయన మాత్రం కిందికి దూరనే దూరరు. పడవలో ఇంజన్ అడుగున ఒదిగి కూర్చుంటుంది, దాని కింద చెయ్యి దూరే సందు కూడా ఉండదు. అందుకని పడవల వాళ్ళు నూనెను పైనుంచే, గేజీ దిగే రంధ్రంలో గొట్టం పెట్టి తోడతారు. ముప్పై ఏళ్ళు అలా తోడిన మనిషికి అదే పద్ధతి. తాతలనాటి ఇత్తడి చేతిపంపు ఒకటి తెచ్చారు. అది ఒక గుక్క డబ్బాలోకి తోడితే, అరగుక్క నా వైపు చిమ్మింది. కొత్త వెంకటగిరి చీర అది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

తోడటం అయ్యాక ఊరుకోరు. అర లీటరు కొత్త ఆయిల్ పోసి, దాన్ని మళ్ళీ తోడేసేవారు. అది కడుగుడట. "బియ్యం ఒక్కపాలి కడిగి వండీస్తారా ఏటి?" అనేవారు. పాత ఫిల్టరు మార్చకుండా కొత్త ఆయిల్ పోస్తే ఏమవుతుందని అడిగితే, "తానం సేసి ఇడిసిన బట్టే కట్టుకుంటారేటి?" అనేవారు. ప్రతి దానికీ ఒక వంటింటి సామెతో, స్నానాల సామెతో సిద్ధంగా ఉండేది. వీటన్నిటికంటే నన్ను ఉడికించింది తాళం. ఆయిల్ బయటికి రావడం మొదలయ్యేసరికి ఆయన చెయ్యి చాపేవారు. తాళం తీసుకుని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టుకునేవారు. పని పూర్తయ్యాక, ఇంజన్ తిరిగి, ఎర్ర లైటు ఆరి, మళ్ళీ గేజీ చూసి, అప్పుడు గాని ఇచ్చేవారు కాదు. మధ్యలో కారులోంచి నా పుస్తకాలు తీసుకుంటానన్నా ఇవ్వలేదు.

"ఇది నా కారు బాబాయి గారూ!"

"కాదన్నానా? బండి మీదే. ఆయిల్ తీసినోడు నాను. ఆయిల్ తీసినోడి జోబులోనే తాళం ఉండాల. మా పడవలకి తాళం ఉండదు, ఇంజన్ తిప్పీ హేండిలు ఉంటాది. అది మేస్త్రీ ఇంటికి అట్టుకెల్లిపోతాడు. పడవ ఓనరొచ్చి కాళ్ళట్టుకున్నా ఇవ్వడు. మాకు అదే కట్టుబాటు."

అంత కట్టుబాటు ఉన్న మనిషి అసలు సమయంలో ఎలా మర్చిపోయాడని అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నేను నా చీర మరక గురించే ఆలోచిస్తున్నాను.

మిగిలిన పాత నూనెను ఏం చెయ్యాలని అడిగాను. వీధి కాలవలో పోసెయ్యొచ్చు కదా అని కూడా అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. "కాలవలో పోస్తే ఎక్కడికెల్తాదమ్మా? నాగావళిలోకి. నాగావళి ఎక్కడికెల్తాది? మా ఇంటికి" అన్నారు. కొంత నూనె దానమ్మ పిన్ని చేపలు ఆరేసే పందిరి గుంజలకు చెదలు పట్టకుండా పూశారు. మిగిలింది డబ్బాలో పోసి పాత సామాన్లవాడి కోసం దాచారు.

రెండోసారి కూడా ఆ ఇత్తడి పంపు నా మీద నూనె చిమ్మాక, ఇక తట్టుకోలేక ఇంటర్నెట్‌లో వెతికి ఒక వాక్యూమ్ పంపు తెప్పించాను. బిందెడంత డబ్బా, మీద పిడి, పక్కన పొడుగాటి సన్నటి గొట్టం. పెట్టె విప్పగానే ఆయన చుట్టూ తిరిగి చూసి, "ఇదేటి, వరికి మందు కొట్టేదా?" అన్నారు. పిడి పదిసార్లు కొట్టి వదిలేస్తే చాలు, తర్వాత నూనె దానంతటదే వస్తుందని చెప్పాను. నమ్మలేదు. కొట్టి వదిలేశారు. గొట్టంలో నల్లటి నూనె పాములా పాకి డబ్బాలోకి దిగింది. ఎవరూ పట్టుకోకుండా, ఎక్కడా చిమ్మకుండా పావుగంట సేపు అలాగే వచ్చింది. ఆయన పీట మీద చతికిలబడి చూస్తూ ఉండిపోయారు. ఇన్నాళ్ళకు ఈయనకు ఒక విషయం నేర్పే అవకాశం వచ్చిందని నాకు ఉత్సాహం పుట్టింది.

"డబ్బా నూనెను లాగడం లేదు బాబాయి గారూ. శూన్యం దేన్నీ లాగదు. డబ్బాలో గాలి తగ్గింది కాబట్టి బయటి గాలి నూనెను లోపలికి నెడుతోంది."

"అలగా? బయట గాలి ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాది గదా. నాను కొట్టినదాకా ఎందుకు నెట్టనేదు?"

"అంటే... అప్పుడు రెండు వైపులా గాలి సమానంగా..."

"అదే మరి. కొట్టినోడికి తెలుస్తాది."

పదేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్న నా పని తాతకు దగ్గులు నేర్పబోయినట్టయింది. మర్నాడు క్లాసులో అదే ప్రశ్న పిల్లల్ని అడిగాను. ఇప్పటికీ ఆ పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆయన మాత్రం ఆ పంపుకు కూడా వంక పెట్టారు. దానితో వచ్చిన గొట్టం అడుగు దాకా దిగడం లేదని, అరగ్లాసు మురికి లోపలే ఉండిపోతోందని, ఇంకో గొట్టం తెచ్చి వేశారు. "అడుగు తగిలినాక గింజంత పైకి లాగాల. లేపోతే మూతి మూసుకుపోతాది" అని నాకు చూపించారు. చివర్లో కొబ్బరి బొండాం అడుగున గొట్టం పెట్టి పీల్చినట్టు గుర్రుమని చప్పుడు వచ్చేదాకా ఆయన లేచేవారు కాదు.

నా పీహెచ్‌డీ సమర్పించే ముందు ఎచ్చెర్లలో ఒక సెమినార్ ఇవ్వాలి. అది ఒక సోమవారం పదింటికి పెట్టారు. సోమవారం పొద్దున్నే కారు కావాలని ముందే చెప్పి, ఆదివారం ఆయిల్ పని ఆయనకు అప్పగించాను. మా ఆయన ఆ వారం రాలేదు. నేను లోపల తలుపు వేసుకుని కాగితాలు బట్టీ పడుతున్నాను. కిటికీలోంచి చూస్తే ఆయన కొత్త ఆయిల్ పోస్తూ కనిపించారు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. సాయంత్రం తలుపు తట్టి, "మేడమ్ గారూ, బండి గురించి ఒక మాట..." అన్నారు. "ఇప్పుడు కాదు బాబాయి గారూ, మీకు దణ్ణం పెడతాను, ఏదైనా రేపు చెప్పండి" అని మొహం మీదే తలుపు వేశాను.

తెల్లవారి తొమ్మిదింటికి తయారై ఎదురింటికి వెళ్తే తాళం వేసి ఉంది. దానమ్మ పిన్ని మార్కెట్‌కు వెళ్ళిపోయింది. ఆయన ఏ షాపుకో వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. నా కారు తాళం ఆయన జేబులో! ఆయిల్ పోసేశాక కూడా తాళం దగ్గర పెట్టుకుని ఊరి మీద పడ్డాడే ఈ మనిషి అని అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికి వెళ్ళి బీరువాలోంచి రెండో తాళం తీశాను. కారెక్కి తాళం తిప్పాను. ఏమీ లేదు. టక్కుమని కూడా అనలేదు. మళ్ళీ తిప్పాను. అద్దాలు దిగవు, లైటు వెలగదు. శవంలా ఉంది. ముసలాయన నా కారును పాడుచేశాడని అక్కడే నిర్ధారించేసుకున్నాను. ఆటో పట్టుకుని, ఎచ్చెర్ల చేరేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం. గైడు గారి మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. సెమినార్ ఎలాగో గట్టెక్కింది.

తిరిగి వచ్చేసరికి ఆయన నా కారు పక్కనే నిలబడి ఉన్నారు. చేతిలో ఫిల్టరు పెట్టె. నాకు కోపం వస్తే లెక్చరర్ తెలుగు పోయి మా పుట్టింటి విజయనగరం తెలుగు వచ్చేస్తుంది. నడివీధిలో నిలబడి ఆయన్ను నోటికొచ్చినట్టు అన్నాను.

"ఏటనుకుంతన్నారు మీరు? నా తాళం మీ జోబులో ఎట్టుకుని ఊరు తిరుగుతారేటి? ఇయాల నా బతుకంతా పోయుండును! మీ సెయ్యి పడితే ఇంజన్ పట్టేస్తాదని మీ ఊరోలు ఊరికినే అన్నారేటి?"

ఆ చివరి మాట నా నోట్లోంచి వచ్చిందని నాకు తెలిసేసరికే అది ఆయనకు తగిలేసింది. దానమ్మ పిన్ని నన్ను నమ్మి, గుమ్మంలో కూర్చుని, కడుపులోది చెప్పుకుంది. ఆ మాటనే నేను ఆయన మీదికి రాయిలా విసిరాను. ఆయన జేబులోంచి తాళం తీసి బానెట్ మీద పెట్టారు. ఫిల్టరు పెట్టె దాని పక్కన పెట్టారు.

"బండిలో ఆయిల్ నేదమ్మా" అని మాత్రం అని, వాళ్ళింట్లోకి వెళ్ళిపోయారు.

గేజీ లాగి చూశాను. పొడిగా ఉంది. నిన్న నేను కిటికీలోంచి చూసింది కడుగుడు. ఆదివారం తెచ్చిన ఫిల్టరుకు రబ్బరు గట్టిపడిపోయి ఉండటంతో, అది వెయ్యడం ఇష్టంలేక, షాపు తెరిచేదాకా ఆగి మంచిది తెచ్చారని తర్వాత తెలిసింది. అది చెప్పడానికే ముందురోజు సాయంత్రం తలుపు తట్టారు. బ్యాటరీ వైపు చూస్తే ఒక తీగ ఊడదీసి, చివరకు గుడ్డ చుట్టి పక్కకు పెట్టి ఉంది. ఆ తీగ అలా ఊడదీసి ఉండకపోతే నేను ఎచ్చెర్ల దాకా వెళ్ళేదాన్ని కాదు, నవభారత్ జంక్షన్ దాటకముందే నా ఇంజన్ చచ్చిపోయేది. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఆయిల్ పొయ్యకుండా ఆయన తాళం వదిలెయ్యడం అదే మొదటిసారి. అంటే ఇక నా బండి మీద చెయ్యి వెయ్యరని అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి తాళం వాళ్ళ గుమ్మంలో పెట్టాను. సాయంత్రం దానమ్మ పిన్ని తెచ్చి ఇచ్చేసింది. "ముట్టుకోనంటన్నాడమ్మా. సర్వీసు సెంటరుకి తీసుకెల్లమను అంటన్నాడు. ఏటైనాది మీకూ ఆయనకీ?" అని అడిగింది. ఏమని చెప్పను? నీ రహస్యం తీసుకెళ్ళి నీ మొగుడి మొహాన కొట్టానని చెప్పనా? పన్నెండు రోజులు ఇదే తంతు. పొద్దున తాళం అటు, సాయంత్రం తాళం ఇటు. కారు ఖాళీ కడుపుతో పోర్టికోలో, నేను ఆటోలో. మెకానిక్‌ను పిలిస్తే గంటలో అయిపోయే పని. పిలిస్తే ఆ మనిషి ఇంక స్పానర్ పట్టరని నాకు తెలుసు. ఆయన మంకుపట్టు మీద కోపం, నా నోటి మీద అంతకంటే కోపం.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం నేనే చీరకుచ్చెళ్ళు దోపుకుని కారు ముందు కూర్చున్నాను. ఎదుటి అరుగు మీద ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఫిల్టరు పెట్టె విప్పాను. ఫిల్టరును దాని చోట పెట్టి తిప్పడం మొదలుపెట్టానో లేదో, పేపరు ఎగిరి కింద పడింది.

"ఒసే! ఆపు! రబ్బరుకి నూనె రాయకుండా బిగిస్తావేటే? ఆపంటన్నానా!"

అప్పటిదాకా నన్ను మేడమ్ గారూ అన్న మనిషి. వీధి దాటి వచ్చి నా చేతిలోంచి ఫిల్టరు లాక్కున్నారు. వేలు కొత్త ఆయిల్‌లో ముంచి రబ్బరు చుట్టూ రాస్తూ, "నాలుగు సార్లు పక్కన నిలబడి సూసినావు. ఏటి సూసినావు? పుస్తకాలు సదివితే సరా?" అని తిట్టారు. నిజంగా మర్చిపోయానా, తెలిసే అలా చేశానా అని ఇప్పటికీ నన్ను నేను అడుక్కుంటాను. ఆయన తిడుతుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"బాబాయి గారూ, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాదే తప్పు."

"అనీసినావు గదా. ఇంక దాన్ని పంపెట్టి లాగలేం. ఆ గరాటు ఇలగియ్యి."

ఆయిల్ పోశాక అది అడుగుకు దిగేదాకా ఆగాలి. అప్పుడు అడిగాను, నేను రెండో తాళం తీస్తానని మీకెలా తెలిసిందని. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, మార్కెట్ వైపు వీధి చివరిదాకా ఒకసారి చూశారు.

"మా బావ కాడ కూడా రెండో హేండిలు ఉండీది. ఆ పొద్దు ఇద్దరం దెబ్బలాడుకున్నాం. కానాగంత సేపలు పడతన్నాయి, బేగి తెమల్చు అంటాడు. కొత్త ఆయిల్ కోసం నాను టౌనుకొచ్చినాను. హేండిలు నా జోబులోనే ఉన్నాది. కోపంగా ఉన్నోడు రెండోది ఎతుకుతాడే. అది నాకు తట్టనేదు. ఎల్లేసరికి పడవ నేదు."

"మరి ఆయిల్ పోసేశానని మీరే చెప్పారన్నారు కదా?"

"నాను సెప్పనేదు."

"మరి పిన్నికి ఎందుకు చెప్పలేదు? పదకొండేళ్ళు ఆవిడ కూడా మీరే మర్చిపోయారనుకుంటోంది!"

"ఏటని సెప్తాను? మీ అన్న అబద్ధం ఆడినాడనా? దానికి అమ్మా నేదు, బాబూ నేదు. ఆ అన్న గుమ్మం ఒక్కటే దాని పుట్టిల్లు. నిజం తెలిస్తే అది ఆ గుమ్మం తొక్కదు, నాకు తెలుసు. నా పేరు పోతే పోనాది. దాని పుట్టిల్లు ఉన్నాది."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇదేం న్యాయం, ఇదేం మంచితనం, ఒక మనిషి అబద్ధానికి మీ చేతిపని మట్టిలో కలిసిపోవాలా అని అరిచాను. పిన్ని ఎక్కడ వచ్చేస్తుందోనని ఆ అరుపు కూడా గుసగుసగా అరవాల్సి వచ్చింది. ఆయన నవ్వారు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు, నాకు తెలుసు. ఇదొక్కటీ నానబెట్టు" అని, గేజీ లాగి చూసి, బ్యాటరీ తీగ బిగించి, ఇంజన్ తిప్పారు. ఎర్ర లైటు వెలిగి ఆరింది. రెండు నిమిషాలు విని, ఆపి, మళ్ళీ గేజీ చూసి, అప్పుడు తాళం నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ కారును ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముట్టలేదు. నన్ను మేడమ్ గారూ అనడం కూడా మళ్ళీ లేదు. కాలనీలో ఇంకో ముగ్గురు తమ బండ్లు ఇచ్చారు. వాళ్ళ తాళాలు కూడా ఆయన జేబులోకే వెళ్ళేవి, వాళ్ళు కూడా నాలాగే నెత్తి కొట్టుకునేవారు. చివరి ఏడాది ఆయనకు ఆయాసం వచ్చింది. పిడి నాలుగుసార్లు కొడితే రొప్పు. ఆ ఆదివారం కుర్చీ వేయించుకుని కూర్చుని, పనంతా నాతో చేయించారు. ప్రతి మెట్టు దగ్గరా తిట్టు ఒకటి. నూనె కారడం మొదలయ్యేసరికి అలవాటుగా తాళం ఆయన ముందుకు చాపాను. తీసుకోలేదు.

"ఆయిల్ తీసింది ఎవులు?"

"నేనే."

"మరి నాకెందుకిస్తావు? నీ జోబులో ఎట్టుకో."

"చీరకు జేబెక్కడిది బాబాయి గారూ?"

"కొంగున్నాది గదా. ముడెయ్యి."

ముడివేశాను. ముడి వదులుగా ఉందని మళ్ళీ విప్పించి వేయించారు. ఆ వానాకాలం దాటకముందే ఆయన పోయారు. దహనానికి ఊళ్ళోంచి ఆయన బావ కూడా వచ్చాడు. తల వంచుకుని ఒక మూల నిలబడ్డాడు. దానమ్మ పిన్ని వెళ్ళి అతని భుజం మీద పడి ఏడ్చింది. అతను ఆవిడ తల నిమురుతూ ఉన్నాడు. ఆ నలుగురి మధ్యలో నిజం అరిచేద్దామని ఎంత అనిపించిందో చెప్పలేను. ఇప్పుడు పేర్లు మార్చైనా ఇది రాస్తున్నది, రాయకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను కాబట్టే.

దానమ్మ పిన్ని ఇంకా ఎదురింట్లోనే ఉంది. నాకూ అద్దె ఇల్లు అదే, కారు అదే, పంపు అదే. ఈ ఆదివారం మా ఆయన తుంపరలో గొడుగు లేకుండా వెళ్ళిన కాసేపటికి, ఆవిడ చేతిలో సంచితో వీధి దాటి వచ్చి పోర్టికోలో నిలబడింది. కారును, పంపును, నా కొంగును చూసింది.

"ఆయనలాగే తాళం కట్టుకుని కూసున్నావా? అన్నీ ఇంత జాగర్తగా సేసీవోడు. ఆ ఒక్క రోజూ ఎలగ మరిసిపోనాడో మాయదారి మనిసి!" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మా అన్న రమ్మన్నాడమ్మా. పదిరోజులు ఉండి రమ్మన్నాడు. బస్సుకెల్తన్నాను. ఇల్లు సూస్తుండు."

నిజం నోటి దాకా వచ్చింది. గొట్టం చివర గుర్రుమని చప్పుడు మొదలైంది. వంగి దాన్ని గింజంత పైకి లాగాను.

"జాగ్రత్తగా వెళ్ళి రా పిన్నీ. మీ అన్నయ్యను అడిగానని చెప్పు" అన్నాను.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి, కొంగు ముడి ఒకసారి తడుముకున్నాను. ఇంకా కొత్త ఆయిల్ పొయ్యాలి.